బ్రౌజరులో వీడియో నడవనప్పుడు ఏమి చేయవలెను?

నెల్లూరు జిల్లాలో వానలు ముఖ్యముగా ఈశాన్య ఋతుపవనముల కాలములో కురియును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు బంగాళాఖాతములో వాయుగుండములు పుట్టు కాలము కూడ అదియే. ఆ దినములలో అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలముల రైతు నారుమడిలో నీరు నిలుపవలెనా, తీసివేయవలెనా యని ఆలోచించుచుండును. రొయ్యల చెరువు గల రైతు గట్టు ఎత్తు చేసికొనవలెనా, నాలుగు దినములు ముందుగానే సరకు పట్టివేయవలెనా యని తర్జనభర్జన పడుచుండును. మైపాడు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె మత్స్యకారులకు వేటకు పోవుటయా, పడవ ఒడ్డుకు లాగుటయా అనునది ప్రశ్న. వీరందరును నేడు మొదట చూచునది చేతిలోని ఫోనునే.

చూచుటకు తగిన సమాచారము లేకపోలేదు. మేఘములు ఎటు కదలుచున్నవో చూపు రాడారు చిత్రములను, ఉపగ్రహ చిత్రములను భారత వాతావరణ శాఖ వెబ్‌సైటులో ఎవరైనను చూడవచ్చును. మన తీరమునకు చెన్నై, శ్రీహరికోట, మచిలీపట్నము రాడారులు పనికివచ్చును. మేఘముల చిత్రములు తీయు ఇన్సాట్-3డీఆర్ ఉపగ్రహము 2016లోను, ఇన్సాట్-3డీఎస్ 2024లోను శ్రీహరికోట నుండియే పైకి పోయినవి. అలల ఎత్తును, సముద్రముపై గాలి వేగమును హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ తెలుపుచున్నది. రొయ్యల తెగుళ్ళను గూర్చి చెన్నైలోని సిబా పరిశోధన సంస్థయు, పైరులను గూర్చి వ్యవసాయ విశ్వవిద్యాలయమును వీడియోలు తయారుచేయుచున్నవి. ఇన్ని యుండియు, సరిగా అవసరమైన గంటలో తెర నల్లబడి యుండుటయో, నడుమ చక్రము తిరుగుచునే యుండుటయో మీలో చాలమందికి అనుభవమే.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను నెల్లూరు తీరమునకు సమీపముగా ఉత్తరమునకు కదలి, 5వ తేదీ మధ్యాహ్నము బాపట్లకు దక్షిణమున తీరము దాటినది. తీరమును ఆనుకొని పోవు ఇట్టి తుఫానులలో కొన్ని గంటల ముందు తెలిసికొనుటకే విలువ. అట్టి సమయమున ఫోనును ఆపి మరల వెలిగించుచు, కనబడిన మీట నెల్ల నొక్కుచు గంట సేపు పోగొట్టుకొనుట కంటె, చిక్కు ఎక్కడ ఉన్నదో కనుగొను పద్ధతిని తీరికగా నున్నప్పుడే నేర్చుకొనుట మేలు.

ఎక్కడ ఆగినదో ముందు తెలిసికొనుట

మీ మడికి నీరు రాలేదనుకొనుడు. సోమశిలలో నీరు లేకపోవచ్చును. సంగము వద్ద కాలువకు వదలకపోవచ్చును. పంట కాలువలో గుర్రపుడెక్క అడ్డుపడి యుండవచ్చును. లేదా మీ మడవకే ఎండ్రకాయ బొక్క చేసి నీరు పక్కమడిలోనికి పోవుచుండవచ్చును. అనుభవము గల రైతు పార తీసికొని కనబడిన చోటెల్ల త్రవ్వడు. మొదట పక్కవాని మడి చూచును. అక్కడ నీరున్నచో లోపము తన మడవలోనే యున్నది. అక్కడను లేనిచో కాలువ వెంట పైకి పోవును.

వీడియోకు కూడ ఇటువంటి దారియే కలదు. వీడియో మొదట ఎక్కడనో ఒక పెద్ద కంప్యూటరులో, అనగా సర్వరులో, నిలువ యుండును. అక్కడి నుండి తీగల ద్వారాను, టవరు ద్వారాను మీ ఊరికి వచ్చును. దానిని మీ ఫోనులోని బ్రౌజరు, అనగా వెబ్‌సైటులను తెరచు క్రోము, ఫైర్‌ఫాక్సు వంటి యాప్, అందుకొని విప్పును. చివరకు ఫోను తెరయు, స్పీకరును దానిని చూపి వినిపించును. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి ఆగినను మీకు కనబడునది మాత్రము ఒకటే: నల్లని తెర.

కాబట్టి మొదట చేయవలసిన పని నాలుగు చిన్న పరీక్షలు. పది నిమిషములు పట్టును, కాని ఖర్చు లేదు. అదే బ్రౌజరులో మరొక వెబ్‌సైటులోని వీడియో తెరచి చూడవలెను. అది నడచినచో మీ ఫోను, సిగ్నలు రెండును బాగుగనే యున్నవి; మొదటి వెబ్‌సైటులోనో, ఆ వీడియోలోనో చిక్కున్నది. ఏదియు నడవనిచో, ఇంటిలో మరొకరి ఫోనులో అదే వీడియోను చూడవలెను. వారిది వేరొక కంపెనీ సిమ్ము అయినచో మరియు మంచిది. వారి ఫోనులో నడచినచో, వారి హాట్‌స్పాటుకు మీ ఫోనును కలిపి చూడవలెను. ఇప్పుడు మీ ఫోనులోను నడచినచో లోపము మీ సిమ్ములోనో, డేటాలోనో యున్నది. ఇంకను నడవనిచో మీ బ్రౌజరులోనో, ఫోనులోనో యున్నది. నాలుగవ పరీక్షగా మీ ఫోనులోనే వేరొక బ్రౌజరుతో ప్రయత్నింపవలెను. దానిలో నడచినచో చిక్కు పాత బ్రౌజరుదే యని తేలిపోవును.

ఈ పరీక్షలు చేయకుండ సెట్టింగులు మార్చుట వలన ఒక నష్టము కలదు. ఐదారు మార్పులు చేసిన పిదప వీడియో నడచినను, దేని వలన నడచినదో తెలియదు. మరల ఆగినప్పుడు కథ మొదటికే వచ్చును. ఒక్కొక్క మార్పు చేసి, ఒక్కొక్కసారి చూడవలెను.

దారిలో నీరు చాలనప్పుడు

మన పల్లెలలో ఎక్కువగా కనబడు కారణము ఇదియే. ప్రీపెయిడు పథకములలో రోజుకు 1.5 జీబీ, 2 జీబీ అని కొలత యుండును. పిల్లలు మధ్యాహ్నమునకే దానిని ఖర్చుచేసినచో అటుపై వేగము చాల పథకములలో సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోవును. తెర మీద సిగ్నలు గీతలు మాత్రము నిండుగానే యుండును. అందువలననే చాలమంది, సిగ్నలు ఉన్నది గదా, వీడియో ఏల రాదని ఆశ్చర్యపడుదురు. లెక్క వేసి చూడండి. 64 కిలోబిట్లు అనగా సెకనుకు 8 కిలోబైట్లు. 5 ఎంబీల చిన్న వీడియో రావలెనన్నను 5,000ను 8చే భాగింపగా 625 సెకనులు, అనగా పది నిమిషములకు పైగా పట్టును. 360 నాణ్యతలో ఎడతెగకుండ వీడియో చూడవలెనన్న సుమారు 500 కిలోబిట్లు కావలెను. పిల్లకాలువలో చిటికెన వ్రేలంత ధార వచ్చుచుండగా ఎకరము తడియునా?

దీనికి ఉపాయములు రెండు. ఒకటి, వీడియో మూలనున్న పండ్లచక్రము గుర్తును నొక్కి నాణ్యతను 144కో, 240కో తగ్గించుట. రెండవది, సిమ్ము కంపెనీ యాప్‌లో మిగిలిన డేటా చూచుకొని, తుఫాను హెచ్చరిక వచ్చిన దినమున సినిమాలకు డేటా ఖర్చు కాకుండ ఇంటిలో చెప్పి యుంచుట. రెండవది మొదటిదాని కంటె కష్టమని ఇల్లు గలవారెల్లరు ఎరుగుదురు.

గాలివానలో కరెంటు పోయినప్పుడు టవరులు బ్యాటరీ మీదను, డీజిలు మీదను నడచును. అవి ఒక్కొక్కటిగా ఆగిపోవుకొలది, మిగిలిన టవరు మీదికి ఊళ్ళన్నియు చేరును. అట్టి సమయములలో ఒక కంపెనీ సిమ్ము గలవారు వేరొక కంపెనీ టవరును వాడుకొనుటకు టెలికాం శాఖ అనుమతించుట కలదు. అట్టి ప్రకటన వచ్చినప్పుడు ఫోను సెట్టింగులలో మొబైలు నెట్‌వర్కు అను చోట కనబడు పేర్లలో వేరొక కంపెనీని ఎన్నుకొనవచ్చును. గాలివాన వెలసిన పిదప దానిని మరల ఆటోమేటిక్‌కు మార్చుట మరువరాదు.

బ్రౌజరులోని చిక్కులు

తెర మీద బొమ్మ కదలుచున్నది గాని మాట వినబడదు. ఇది లోపము కాకపోవచ్చును. పుట తెరవగానే పెద్ద చప్పుడుతో ప్రకటనలు మ్రోగుచున్నవని జనులు విసిగినందున, క్రోము బ్రౌజరు 2018 నుండియు, అట్లే ఇతర ముఖ్య బ్రౌజరులును, మనము తాకనిదే ధ్వనితో కూడిన వీడియోను దానంతట అది మొదలుకానీయవు. కొన్ని పుటలు అందుచేత ధ్వని మూసి వీడియో నడపును. వీడియో మీద ఒకసారి తాకి, గీత కొట్టిన స్పీకరు గుర్తును నొక్కినచో మాట వచ్చును. అప్పటికిని రానిచో ఫోను బ్లూటూతు ద్వారా ఎక్కడనో ఉన్న స్పీకరుకు కలిసి యున్నదేమో చూడవలెను. మాట అక్కడ వినబడుచుండవచ్చును. తీరగ్రామములలో మరొక కారణము కూడ ఉన్నది. ఉప్పుగాలి తేమ ఇయర్‌ఫోను పెట్టు రంధ్రములో చేరినప్పుడు, ఇయర్‌ఫోను పెట్టినట్లే ఫోను భ్రమపడి స్పీకరును మూసివేయును. తెర పైభాగమున ఇయర్‌ఫోను గుర్తు ఊరకనే కనబడుచున్నచో కారణము ఇదియే. పొడిగుడ్డతో తుడిచి, గాలి తగులుచోట ఆరనీయవలెను. పిన్నుతో గీకరాదు.

మాట వినబడును గాని బొమ్మ రాదు, లేదా తెర ఆకుపచ్చగా మారును. ఇది వేరు చిక్కు. వీడియోను చిన్నదిగా మడచి పంపుటకు పలు పద్ధతులు కలవు. హెచ్.264 అను పద్ధతిలో మడచినదానిని దాదాపు అన్ని ఫోనులును, బ్రౌజరులును విప్పగలవు. హెచ్.265 అను కొత్త పద్ధతి చోటు తక్కువ తీసికొనును గాని, పాత బ్రౌజరులకు దానిని విప్పుట తెలియదు. క్రోము బ్రౌజరు సహితము 2022 చివరనే, అదియు తగిన యంత్రభాగము గల ఫోనులలోను, కంప్యూటరులలోను మాత్రమే దానిని విప్పుటకు ఆరంభించినది. కావున కొత్త ఫోనులో తీసిన వీడియో పాత కంప్యూటరులో నల్లగా నుండుట వింత కాదు. బ్రౌజరును అప్‌డేటు చేసి చూడవలెను. కంప్యూటరు అయినచో బ్రౌజరు సెట్టింగులలో సిస్టము విభాగమునందు గ్రాఫిక్స్ ఆక్సిలరేషను అనునది ఉండును. దానిని ఆపి బ్రౌజరును మూసి తెరచినచో ఆకుపచ్చ తెర చాలసార్లు బాగుపడును.

వీడియో ఉండవలసిన చోట ఖాళీ పెట్టె మాత్రమే కనబడుచున్నచో అజ్ఞాత ట్యాబ్ తెరచి అదే పుటను చూడవలెను. ఈ ట్యాబ్ వెనుకటి నిలువలను వాడుకొనదు. కంప్యూటరులో బ్రౌజరుకు తగిలించిన అదనపు పనిముట్లు కూడ మనము అనుమతింపనిదే దీనిలో పనిచేయవు. ఇక్కడ వీడియో నడచినచో, చిక్కు పాత నిలువలోనో, ప్రకటనలను ఆపుటకు పెట్టుకొన్న పనిముట్టులోనో ఉన్నదని అర్థము. అప్పుడు క్యాష్ అను నిలువను తుడువవలెను. తుడుచునప్పుడు చిత్రములు, ఫైళ్ళు అని వ్రాసియున్నదానికి మాత్రమే టిక్కు పెట్టవలెను. పాసువర్డులకు టిక్కు పెట్టినచో మరునాడు బ్యాంకు పుట తెరవలేక మరొక అవస్థ.

ఫోను నిండిపోయినను వీడియో ఆగును. పొద్దుటి నమస్కారముల బొమ్మలు వేలకొలది చేరిన ఫోనులలో ఇది సామాన్యము. కనీసము ఒక జీబీ ఖాళీ యుండునట్లు చూచుకొనవలెను.

సచివాలయములలోని పాత కంప్యూటరులు

గ్రామాధికారులు ఈ భాగమును శ్రద్ధగా చదువవలెను. 2020లో రైతు భరోసా కేంద్రములుగా మొదలై నేడు రైతు సేవా కేంద్రములని పిలువబడు చోట్లకు రైతులు వచ్చి తెరమీద వీడియో చూపుమని అడుగుదురు. అక్కడ గాని, సచివాలయములో గాని ఉన్న కంప్యూటరులో ఏ ప్రభుత్వ వెబ్‌సైటును తెరచినను, కనెక్షను భద్రముగా లేదని హెచ్చరిక వచ్చుచున్నచో, వెబ్‌సైటును నిందించుటకు ముందు తెర మూలనున్న తేదీని చూడవలెను.

కారణమేమనగా, ప్రతి మంచి వెబ్‌సైటుకును ఒక ధ్రువపత్రము ఉండును. దానికి ఫలానా తేదీ మొదలు ఫలానా తేదీ వరకు అని గడువు కలదు. బ్రౌజరు ఆ గడువును కంప్యూటరు తేదీతో సరిచూచును. కంప్యూటరు లోపల గుండ్రని చిన్న బ్యాటరీ ఒకటి, కరెంటు లేనప్పుడు కూడ గడియారమును నడపుచుండును. అది అయిపోయినచో కరెంటు పోయి వచ్చినప్పుడెల్ల తేదీ ఏండ్ల వెనుకకు పోవును. అప్పుడు బ్రౌజరు లెక్క ప్రకారము ఆ ధ్రువపత్రము ఇంకను పుట్టనేలేదు! తేదీ సరిచేసిన క్షణములో పుట తెరచుకొనును. ఆ బ్యాటరీని సి.ఆర్.2032 అందురు, వాచీలు బాగుచేయు అంగడిలో కూడ దొరకును. కంప్యూటరు విప్పుట తెలిసినవారిచే మార్పించవలెను.

తేదీ సరిగా నుండియు హెచ్చరిక వచ్చుచున్నచో యంత్రము పాతబడినదని అనుమానింపవచ్చును. విండోస్ 7 గల కంప్యూటరులకు 2023 ఆరంభము నుండి కొత్త క్రోము బ్రౌజరు వచ్చుట నిలిచిపోయినది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరును దాని కంపెనీయే 2022 జూను 15న విరమించినది. ఆండ్రాయిడు 8, 9 గల ఫోనులకు 2025లో క్రోము కొత్త రూపములు ఆగిపోయినవి. వెబ్‌సైటులు వాడు ధ్రువపత్రములకు మూలమైన పత్రమొకటి 2021 సెప్టెంబరు 30న గడువు తీరినప్పుడు, చాల పాత యంత్రములలో బాగుగ నడచుచున్న పుటలు ఒక్క రాత్రిలో మూసికొనిపోయినవి. ఇట్టి యంత్రములలో ఫైర్‌ఫాక్సు వంటి వేరొక బ్రౌజరు కొంతకాలము ఆదుకొనవచ్చును గాని, చివరకు యంత్రమును మార్చుటయే దారి. దానికై పైవారికి వ్రాయునప్పుడు, కంప్యూటరు పనిచేయుట లేదని మాత్రము వ్రాసినచో ప్రయోజనము తక్కువ. విండోస్ ఏది, బ్రౌజరు ఏ నంబరుది, ఏ పుట తెరువలేదు, ఏమని సందేశము వచ్చినది అని వ్రాసి, తెర ఫొటో జతచేయవలెను.

"ఈ ప్లేయరును దింపుకొనుడు" అని అడిగినచో

ఇంతవరకు చెప్పినవాటిలో పొరపాటు జరిగినను పోవునది కొంత సమయమే. ఇప్పుడు చెప్పబోవు దానిలో పోవునది పంట సొమ్ము.

వీడియో నడవక విసిగియున్న మనిషికి తెర మీద ఒక మాట కనబడును: మీ ప్లేయరు పాతబడినది, ఇక్కడ నొక్కి కొత్తది దింపుకొనుడు. నొక్కినచో ఏపీకే అను ఫైలు దిగును. అది వీడియో ప్లేయరు కాదు. మీ ఫోనుకు వచ్చు సందేశములను, వాటిలోని ఓటీపీలను దూరముననున్న దొంగకు చేరవేయు సాధనము. పి.ఎం. కిసాన్ పేరుతో ఇట్టి ఏపీకే ఫైళ్ళను వాట్సాప్‌లో పంపి రైతుల ఖాతాలు దోచుకొనుట తెలుగు జిల్లాలలో కూడ జరిగినది.

ఒకప్పుడు ఇట్టి సందేశము నిజమైనదిగానే యుండెడిది. వెనుక వెబ్‌సైటులలోని వీడియోలు చాలవరకు ఫ్లాష్ ప్లేయరు అను అదనపు పనిముట్టు మీద నడచెడివి. అది లేనివారు దింపుకొనవలసి వచ్చెడిది. దానిని చేసిన ఎడోబీ కంపెనీయే 2020 డిసెంబరు 31తో దానిని నిలిపివేసి, 2021 జనవరి 12 నుండి అందులో ఏదియు నడవకుండ కట్టివేసినది. నేటి బ్రౌజరులు వీడియోను తమంతట తామే నడపుకొనును. కాబట్టి ఫ్లాష్ ప్లేయరు దింపుకొమ్మని నేడు అడుగు పుట, అయిదేండ్లుగా ఎవరును సరిదిద్దని పాత పుటయైనను కావలెను, మోసమైనను కావలెను. రెండింటిలో ఏదైనను అక్కడ మీకు పని లేదు. పుటను మూసివేయవలెను.

కంప్యూటరులలో ఇంకొక కొత్త పన్నాగము 2024 నుండి విస్తారముగా కనబడుచున్నది. వీడియో కనబడవలెనన్న విండోస్ మీటతో పాటు ఆర్ మీటను నొక్కి, వచ్చిన పెట్టెలో అతికించి, ఎంటరు కొట్టుడని పుట నేర్పును. అతికించునది ఏమియో మీకు కనబడకుండనే ఆ పుట సిద్ధము చేసియుండును. మనచేతనే మన తలుపు గడియ తీయించు ఉపాయమిది. ఏ వీడియోకును ఈ పని అవసరము లేదు. సచివాలయ కంప్యూటరులో ఒక్కరు ఇట్లు చేసినచో ఊరందరి దరఖాస్తులు, ఆధారు వివరములు అపాయములో పడును.

బ్రౌజరు అప్‌డేటు చేయవలెనన్న ఫోనులో ప్లేస్టోరు నుండియు, కంప్యూటరులో బ్రౌజరు సెట్టింగులలో దానిని గూర్చి చెప్పు పుట నుండియు మాత్రమే చేయవలెను. పొరపాటున ఏపీకే దింపి తెరచినచో వెంటనే మొబైలు డేటాను, వైఫైని ఆపి, వేరొక ఫోను నుండి బ్యాంకునకు చెప్పి ఖాతాను నిలుపుదల చేయించవలెను. సొమ్ము పోయినచో 1930 నంబరుకు ఆలస్యము లేకుండ ఫిర్యాదు చేయవలెను. సొమ్ము ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు మారుచు పోవును గనుక మొదటి గంటలో చెప్పినచో దారిలో ఆపుటకు అవకాశమెక్కువ. సిగ్గుపడి రెండు దినములు దాచిన తరువాత చెప్పుట వలన దొంగకే మేలు.

కదలుచున్న చిత్రము నిన్నటిది కావచ్చును

వీడియో రాకపోవుట కంటె కీడైనది ఒకటి కలదు. అది పాత చిత్రము కొత్తదివలె కనబడుట. వెనుక చెప్పిన క్యాష్ అను నిలువ వలన, సిగ్నలు లేనప్పుడు బ్రౌజరు తన యొద్ద దాచియున్న పాత రాడారు చిత్రమునే మీకు చూపవచ్చును. మేఘములు కదలుచునే యుండును. అయితే అవి ఉదయము కదలిన మేఘములు. దానిని చూచి, వాన సముద్రములోనే యున్నదని నారుమడి నీరు తీయక యుండిన రైతు నష్టపోవును.

కావున రాడారు చిత్రమును చూచునప్పుడు రంగులను చూచుటకు ముందు దాని అంచున ముద్రించిన తేదీని, గంటను చదువవలెను. ఆ గంట సాధారణముగా యూటీసీ అను అంతర్జాతీయ కాలమానములో నుండును. దానికి ఐదున్నర గంటలు కలిపినచో మన కాలము వచ్చును. 0600 యూటీసీ అని యున్నచో మనకు ఉదయము 11.30, 1200 అని యున్నచో సాయంత్రము 5.30. రాడారు చిత్రములు సుమారు పది నిమిషముల కొకటి వచ్చును గనుక, లెక్కించిన గంట ఇప్పటి గంటకు అరగంటలోపున నుండవలెను. రెండు గంటలు వెనుకబడి యున్నచో పుటను రిఫ్రెషు చేయవలెను. అయినను మారనిచో అజ్ఞాత ట్యాబ్‌లో తెరవవలెను. అక్కడను పాతదే వచ్చినచో లోపము వెబ్‌సైటులోనో, రాడారులోనో ఉన్నది; అది మీరు బాగుచేయగలది కాదు. పక్క రాడారు చిత్రమును చూడవలెను. వాట్సాప్‌లో వచ్చిన తుఫాను వీడియోలకు తేదీయే ఉండదు. ఏ ఏటివో, ఏ దేశమువో తెలియని ఆ అలలను చూచి నిర్ణయము చేయరాదు.

ఇంతకును తుఫాను హెచ్చరికకు వీడియోయే కావలెనని లేదు. వాతావరణ శాఖ బులెటిను వ్రాతరూపములో నుండును. కొద్ది కిలోబైట్ల ఆ వ్రాత, వీడియో రాని 64 కిలోబిట్ల దారిలో కూడ వచ్చును. తుఫాను ఎచ్చట ఉన్నది, ఎంత వేగముతో కదలుచున్నది, ఎప్పుడు ఎచ్చట తీరము దాటవచ్చునో అందులోనే ఉండును. మన జిల్లాకు పసుపు, నారింజ, ఎరుపు రంగులలో ఏ హెచ్చరిక యున్నదో కూడ వాతావరణ శాఖ ప్రకటించును. కృష్ణపట్నము రేవులో ఎగురవేయు ప్రమాద సూచిక నంబరు డేటా లేకుండనే అందరికి తెలియును. విపత్తుల నిర్వహణ సంస్థ వారి 1070 నంబరుకు గాని, 112కు గాని ఫోను చేయవచ్చును. పైరును గూర్చిన సందేహమైనచో కిసాన్ కాల్ సెంటరు 1800 180 1551కు ఉదయము 6 గంటల నుండి రాత్రి 10 గంటల వరకు మాట్లాడవచ్చును. తెలుగులోనే సమాధానము చెప్పుదురు. గాలివాన రాత్రి పరీక్షలు పది నిమిషములు దాటినచో వీడియోను విడిచి వీటిని పట్టుకొనవలెను.

వీడియో తీసి పంపువారికి

చివరగా, వ్యవసాయ సహాయకులు, మత్స్య సహాయకులు, ఆదర్శ రైతులు తాము తీసిన వీడియోలను ఇతరులకు పంపునప్పుడు ఒక సంగతి గమనింపవలెను. తెల్లమచ్చ తెగులు సోకిన రొయ్య ఎట్లుండునో మీరు తీసిన వీడియో, పది ఊళ్ళ పాత ఫోనులలో కూడ నడువవలెను గదా. కెమేరా సెట్టింగులలో వీడియో ఫార్మాటును హెచ్.264కు పెట్టుకొనవలెను. ఐఫోను గలవారు ఎక్కువ ఫోనులకు సరిపోవు ఫార్మాటు అని యున్నదానిని ఎన్నుకొనవలెను. 720 నాణ్యత చాలును; 4కే నాణ్యతలో తీసినచో రెండు నిమిషముల వీడియో వందల ఎంబీలకు పెరిగి, చూడవలసినవారికి చేరనే చేరదు. మాటను గాలికి దూరముగా రికార్డు చేయవలెను. మొదటి అయిదు సెకనులలో తేదీని, ఊరి పేరును నోటితో చెప్పవలెను. ముఖ్యమైన మోతాదులను, ఎకరమునకు ఎన్ని కిలోలు, ఎన్ని లీటర్ల నీటిలో అనునవి, వీడియో క్రింద వ్రాతలో కూడ పెట్టవలెను. పంపుటకు ముందు ఊరిలో అందరికంటె పాత ఫోను ఎవరియొద్ద ఉన్నదో అడిగి తెలిసికొని, ఆ ఫోనులో ఒకసారి నడపి చూడవలెను.